చురుకైన పిల్లలకు వేరే సెక్షన్ పెట్టాలా? (శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ బడులు)

చంపావతి:
జిల్లా పరిషత్ హైస్కూల్లో 8వ తరగతికి రెండు సెక్షన్లుంటే, 7లో మంచి మార్కులొచ్చిన వాళ్లందరినీ ‘ఎ’లో వేసి లెక్కలు, సైన్సు లోతుగా చెప్పాలంటాను. ఐదో తరగతి కాగానే కొందరు వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయలకు వెళ్లిపోతారు. అక్కడున్నవి 80 సీట్లేసి. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసే అవకాశమూ ఒక్కసారే. సీటు తప్పినవాళ్లకి ఊరి బడిలో ఏం పెడుతున్నాం?

వంశధార:
మార్కులు చూసి ఏరితే దొరికేది రోజూ బడికొచ్చి నోట్సు పొందిగ్గా రాసే పిల్లలు. వాళ్లు మంచి పిల్లలే, కాదనను. కానీ అమ్మానాన్నలు వలసపోతే అమ్మమ్మ దగ్గర ఉంటూ, సగం రోజులు బడి పోగొట్టుకునే గుంటడు ఆ జాబితాలోకి రాడు. వాణ్ణి పట్టుకోవాలంటే ఎవరూ నేర్పని లెక్క ఇవ్వాలి. నాలుగు గళ్లు పొడవు, నాలుగు గళ్లు వెడల్పు ఉన్న చదరం గీసి, మొత్తం ఎన్ని చతురస్రాలున్నాయో అడగండి. 20 నిమిషాలివ్వండి. చాలామంది 16 అని ఆపేస్తారు. కొందరు పెద్దవాటినీ వెతుకుతారు కానీ, వరస లేక కొన్ని వదిలేస్తారు. ఎవరో ఒకరు 16, 9, 4, 1 అని సైజుల వారీగా విడగొట్టి 30 చెబుతారు. ఐదు గళ్లదైతే 55 అని అడక్కుండానే చెప్పే పిల్ల ఉంటే పేరు రాసుకోండి. జవాబు కంటే చిత్తుకాగితం ముఖ్యం, దాన్ని పారేయనివ్వకండి. ఒక్క లెక్కతో తేల్చొద్దు. జూన్, జూలైల్లో ఇలాంటివి ఆరైనా పెట్టాలి.

మహేంద్రగిరి:
మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లల సంగతీ చూడండి మాస్టారూ. ప్రశ్న తెలుగులో నాలుగు వాక్యాలుంటే మీరు కొలిచేది తెలుగునే, తెలివిని కాదు. బొమ్మల వరసలు, అగ్గిపుల్లల లెక్కలు ఇవ్వండి, జవాబు నోటితో చెప్పనివ్వండి, సవర వచ్చిన పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టండి. గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. వందేళ్ల తరవాత కూడా మనం ఒక్క ప్రశ్న ఆ భాషలో అడగలేకపోవడం బాధగా ఉంది.

నాగావళి:
సెక్షన్ మాట ఎలా ఉన్నా, చేతిలో ఉన్న ఎన్‌ఎంఎంఎస్‌ని, అంటే 8వ తరగతిలో రాసే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షని, వదులుకుంటున్నాం. గురుకులాలు, కస్తూర్బాల పిల్లలకు అది వర్తించదు. ఊరి బడి పిల్లలకే. మ్యాట్ (ఆలోచనా శక్తి పరీక్ష) 90 ప్రశ్నలు, శాట్ (పాఠాల మీద పరీక్ష) 90. శాట్‌లో సైన్సు 35, సాంఘికం 35, లెక్కలు 20. నెగ్గితే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. శాట్ పాఠాలతోనే వస్తుంది. మ్యాట్ ఏ పిరియడ్లోనూ లేదు. పరీక్ష మామూలుగా డిసెంబరులో కాబట్టి జూలై నుంచి వారానికి రెండు పిరియడ్లు దానికివ్వాలి. తరవాత దెబ్బ తగిలేది కాగితాల దగ్గర: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉంటుంది. దరఖాస్తుకి ముందే సరిచేయించాలి. పదో తరగతి అయ్యాక కాలేజీ మారతారు, ఆ ఏడాది రెన్యువల్ చేయించాలని ఎవరూ గుర్తుచేయరు, డబ్బు ఆగిపోతుంది. పాత బడి నుంచే ఒక ఫోన్ వెళ్లాలి.

చంపావతి:
వంశధార గారూ, 40 మంది ఉన్న తరగతిలో ఇన్ని రకాలుగా ఒక్క టీచరు ఎలా చేస్తారు?

వంశధార:
పాఠం మొదలుపెట్టే రోజే చివరి అభ్యాసంలోని కష్టమైన ఐదు లెక్కలు అందరికీ ఇవ్వండి. నాలుగు చేసినవాళ్లని ఆ అభ్యాసం నుంచి వదిలేయండి. ఆ పిరియడ్లలో వెనక బెంచీ మీద వారానికొక్క పెద్ద లెక్క, ఒక నోటుబుక్కు. మీ పని శుక్రవారం పది నిమిషాలు అది చూడటం. సామాన్యంగా జరిగే తప్పేంటంటే, ముందే ముగించిన పిల్లకి అలాంటివే ఇంకో 20 లెక్కలిస్తారు, లేదా వెనకబడినవాళ్లకి చెప్పమని కూర్చోబెడతారు. మొదటిది శిక్షలా అనిపించి, నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. రెండోది ఎప్పుడైనా ఒకసారి బాగుంటుంది, రోజూ అయితే ఆ పిల్ల చదువు అక్కడే ఆగిపోతుంది.

చంపావతి:
సరే, మార్కుల జాబితా వదిలేస్తాను. కానీ వేరుగా కూర్చోబెట్టడం మాత్రం వదలను. ఒకే ఆలోచన ఉన్న నలుగురు ఒకచోట చేరితే ఒకరినొకరు లాగుతారు. ఆగస్టు నుంచి వారానికి మూడు పిరియడ్లు, లెక్కలకే, మిగతా రోజంతా పాత తరగతిలోనే.

వంశధార:
దానికి అభ్యంతరం లేదండి. ప్రతి మూడు నెలలకీ కొత్త లెక్కలతో మళ్లీ చూసి, కొత్తవాళ్లని చేర్చుకోండి. ఒకసారి వచ్చినవాళ్లని మాత్రం మార్కులు తగ్గాయని బయటికి పంపకండి.