ఐపీ నిలవని లైనుకి మెయిల్: సర్వర్ ఆఫీసులో పెట్టాలా, వద్దా?

పర్లాకిమిడి చిన్న: ఇక్కడ ఒక జీడిపప్పు వ్యాపారి గారు సొంత డొమైన్ కొన్నారు. మెయిల్ సర్వర్ ఆఫీసులోనే ఉండాలని పట్టు. లైను కలిపిన ప్రతిసారీ కొత్త ఐపీ (నెట్‌లో ఆ లైను అడ్రసు) వస్తోంది. డైనమిక్ డీఎన్ఎస్ (ఐపీ మారినప్పుడల్లా ఒక పేరుకి కొత్త ఐపీని జతచేసే సేవ) పెట్టి, ఎమ్ఎక్స్ రికార్డులో (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే చీటీ) ఆ పేరు ఇచ్చేస్తే చాలని నేనంటున్నా. రాయగడ బావ ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

బరంపురం మాస్టారు: మీ బావ మాటే నిజం బాబూ. డయల్-అప్ రోజుల నుంచీ ఉన్న పేచీ ఇది. లైను తెగితే నీ ఐపీ ఇంకొకరికి పోతుంది. బయటి సర్వర్లు మాత్రం టీటీఎల్ (ఒకసారి చూసుకున్న ఐపీని గుర్తుంచుకునే గడువు) తీరేదాకా పాత ఐపీనే నమ్ముతాయి. అద్దెకున్నవాడు ఖాళీ చేశాక వచ్చిన ఉత్తరం కొత్తగా దిగినవాడి చేతిలో పడినట్టే. అక్కడ మెయిల్ తీసుకునే 25వ పోర్టులో ఎవరూ లేకపోతే నయం, పంపినవాడు మళ్లీ ప్రయత్నిస్తాడు. ఏదైనా సర్వర్ ఉండి 550 (తీసుకోను అనే జవాబు) అందంటే ఆ మెయిల్ వెనక్కి పోయినట్టే.

జయపురం కుర్రోడు: మరీ భయపెడుతున్నారు మాస్టారూ. టీటీఎల్ 60 సెకన్లు పెట్టుకుంటే ఆ గండం నిమిషమే. అంత అనుమానమైతే డొమైన్ మెయిల్ మొత్తం బయట ఒకే పెట్టెలో వేయించి, ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాంతో పాప్3 (పెట్టెలోంచి మెయిల్ దించుకునే పద్ధతి)లో లాక్కోవచ్చు.

రాయగడ బావ: ఆ బావని నేనే. తక్కువ టీటీఎల్‌ని అందరూ పాటించరు తమ్ముడూ. ఒకే పెట్టె పద్ధతి ఇంకా ప్రమాదం. మెయిల్ అసలు ఎవరికి వచ్చిందో ఎన్వలప్‌లో (పంపేటప్పుడు సర్వర్‌కి సర్వర్ చెప్పే చిరునామా) ఉంటుంది, పెట్టెలో పడ్డాక చాలాచోట్ల అది మిగలదు. బీసీసీలో (పేరు పైకి కనబడకుండా) వచ్చింది ఎవరిదని తేలుస్తావు? గుమాస్తాకి వచ్చింది యజమానికి పోతే గొడవ నాకు!

మెయిల్ నువ్వే అడిగి తెచ్చుకునే దారులు వేరే ఉన్నాయి. 1982 నాటి ఎస్ఎమ్‌టీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి)లోనే టర్న్ అనే ఆజ్ఞ ఉంది. కలిపిన లైనులోనే సర్వర్ వెనక్కి తిరిగి నీ మెయిల్ పంపేస్తుంది. కాకపోతే నువ్వు ఏ పేరు చెబితే ఆ పేరు నమ్మేస్తుంది. 1996లో వచ్చిన ఈటీఆర్‌ఎన్ అనే ఆజ్ఞలో ఆ మోసం కుదరదు, ఎందుకంటే సర్వర్ డీఎన్ఎస్ (పేరుకి ఐపీ చెప్పే జాబితా) చూసుకుని వేరే కనెక్షన్ తెరుస్తుంది. అంటే మళ్లీ స్థిరమైన ఐపీ కావాలి! 1999లో ఆర్ఎఫ్‌సీ 2645 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఈ రెండింటినీ సరిచేసింది. 366 పోర్టులో లాగిన్ అయ్యి ఏటీఆర్‌ఎన్ అనే ఆజ్ఞ ఇస్తే, అదే లైనులో ఎన్వలప్‌తో సహా మెయిల్ దిగుతుంది. నీ ఐపీ ఏదైతే ఏం, పాస్‌వర్డ్ నీదైతే చాలు.

జయపురం కుర్రోడు: పుస్తకంలో బాగుంది. ఇప్పుడు ఏటీఆర్‌ఎన్ ఇచ్చేవాళ్లని చూపించు అన్నా.

రాయగడ బావ: దొరకడం కష్టమే, కాదనను. అందుకే స్థిర ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకుని, ఆఫీసు నుంచి దానికి వీపీఎన్ (నెట్ మీదే సొంత దారి, అదే టన్నెల్) వెయ్యమంటున్నా. టన్నెల్ లోపల అడ్రసు మారదు కదా. ఎమ్ఎక్స్ వీపీఎస్‌కి ఉంటుంది, కరెంటు పోతే మెయిల్ అక్కడే క్యూలో ఉంటుంది.

బరంపురం మాస్టారు: బయటికి పంపేవీ ఆ వీపీఎస్ నుంచే పంపండి. మారే ఐపీల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని చాలా సర్వర్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. చిన్నా, ముందు రౌటర్‌లో వ్యాన్ ఐపీ (బయటి వైపు ఐపీ) ఏముందో చూడు. 100.64 నుంచి 100.127 లోపు అయితే అది నెట్ కంపెనీ తన లోపల వాడుకునే అడ్రసు, బయటినుంచి ఎవరూ నీ సర్వర్‌ని చేరలేరు, డైనమిక్ డీఎన్ఎస్ మాటే ఎత్తక్కర్లేదు.

పర్లాకిమిడి చిన్న: చూశా మాస్టారూ. 100.72తో మొదలైంది. బావా, నెలనెలా వీపీఎస్ అద్దె కట్టాలని ఆయనకి నువ్వే చెప్పు, నా మాట వినరు.