మైనస్ పారలాక్స్ ఉన్న నక్షత్రాలను తీసి పారేయొచ్చా?

మారతహళ్లి రాత్రిపిట్ట:
బెంగళూరులో చుక్కలు ఎలాగూ కనపడవు. కోరమంగళలోని ఐఐఏ (భారత ఖగోళ భౌతిక సంస్థ) వాళ్ళే పెద్ద టెలిస్కోపును తమిళనాడులో కావలూరులో పెట్టుకున్నారు, ఇక మనమెంత! అందుకే నక్షత్రాల స్థానాలు కొలిచిన గాయా ఉపగ్రహం డేటా దింపుకుని కూర్చున్నాను. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం అటూ ఇటూ జరిగినట్టు కనిపించే కోణంలో సగమే పారలాక్స్. దాన్ని ఆర్క్ సెకన్లలో (డిగ్రీలో 3,600వ వంతు) తీసుకుని 1ని దాంతో భాగిస్తే పార్సెక్కుల్లో దూరం (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు). కానీ కొన్నింటికి అది మైనస్‌లో ఉంది. తీసేద్దామని నేను, వద్దని మా టీమ్‌లో ఒకడు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
తీసేయకు తమ్ముడూ. అసలు కోణం సున్నాకి దగ్గరైతే, కొలతలో తేడా ఒకసారి పైకి తోస్తుంది, ఒకసారి కిందికి. కిందికి పోయినవి పారేస్తే, మిగిలిన దూరపు నక్షత్రాలు సగటున దగ్గరివిగా తేలతాయి. భాగించడంలోనూ చిక్కుంది. కోణం 0.2 మిల్లీ ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకనులో వెయ్యో వంతు), తేడా అటూ ఇటూ 0.1 అనుకో. మధ్యలో 5,000 పార్సెక్కులు. ఒకవైపు 3,300, మరోవైపు ఏకంగా 10,000! అందుకే ఖగోళవేత్త బెయిలర్-జోన్స్ బృందం, ఆ దిక్కున ఏ దూరంలో ఎన్ని నక్షత్రాలుండొచ్చో ముందే ఒక అంచనా పెట్టుకుని, దానికి కొలతను కలిపి, 2021లో సుమారు 147 కోట్ల నక్షత్రాలకు దూరాలు కట్టింది. ఆ ముందస్తు అంచనానే ప్రయర్ అంటారు.

హెబ్బాళ్ తిక్క ప్రశ్న:
మాస్టారూ, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. కొలతలో దమ్ము లేకపోతే బయటికొచ్చేది ప్రయరే కదా. గెలాక్సీ ఇలా ఉంటుందని లెక్కలో ముందే పోసి, ఆ దూరాలతోనే పటం గీసి "చూశారా, ఇలాగే ఉంది" అంటే, పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టుంది.

లెక్కల మాస్టారు:
ఆ పనికి బెయిలర్-జోన్స్ దూరాల పట్టిక వాడొద్దనే నేనూ అంటాను. మోడల్ ప్రకారం ఏ కోణాలు రావాలో లెక్కగట్టి, కొలిచిన కోణాలతో నేరుగా పోల్చాలి. మైనస్‌లు కూడా అందులో ఇమిడిపోతాయి. కృత్తికల్లాంటి గుంపైతే ఇంకా తేలిక: కోణాల సగటు తీసి ఒక్కసారి భాగిస్తే చాలు.

హెబ్బాళ్ తిక్క ప్రశ్న:
చాలదండీ. ఆ కృత్తికలనే గాయాకు ముందటి ఉపగ్రహం హిప్పార్కస్ 120 పార్సెక్కుల దగ్గర పెట్టింది, గాయా 136 దగ్గర. కొలతలన్నీ ఒకేవైపు తప్పితే ఎన్నింటి సగటు తీసినా అంతే. గాయాకీ ఆ జబ్బుంది. చాలా దూరంలోని క్వేజార్లకు (వెలిగిపోయే గెలాక్సీ కేంద్రాలకు) పారలాక్స్ సున్నా రావాలి, గాయా డేటా మూడో ముందస్తు విడుదలలో సగటున మైనస్ 0.017 మిల్లీ ఆర్క్ సెకన్లు వచ్చింది. అది దిద్దితే మీ 0.2 కాస్తా 0.217. మీ 5,000 అప్పుడు 4,600!

మారతహళ్లి రాత్రిపిట్ట:
సరే, కొలతలో తేడా ఆ కోణంలో 10 శాతం లోపున్నవి మాత్రం ఉంచుకుని భాగిస్తేనో?

లెక్కల మాస్టారు:
ఒక్కో నక్షత్రానికైతే పర్లేదు. అలా వడకట్టినవాటితో సగటు కాంతి తీయబోతే మళ్ళీ మొదటి గొడవే. పారలాక్స్ తప్పులు ఆ సగటును ఎలా పక్కకు లాగుతాయో లట్జ్, కెల్కర్ అనే ఖగోళవేత్తలు 1973లోనే రాశారు.

హెబ్బాళ్ తిక్క ప్రశ్న:
వడకట్టే ముందు ఆ మైనస్ 0.017 తప్పు దిద్దాడో లేదో కూడా అడగండి మాస్టారూ.