అప్‌డేట్: సిట్రొనెల్లా స్ప్రే పది నిమిషాలకే ఎందుకు పనిచేయడం మానేసిందంటే

నీళ్లలో సిట్రొనెల్లా నూనె (ఒక రకం గడ్డి నుంచి తీసేది) కలిపి స్ప్రే చేస్తే దోమలు ఆగడం లేదని అడిగాను కదా. తప్పు కలపడంలోనే ఉంది. నూనె నీళ్లలో కలవదు, పైకి తేలుతుంది. స్ప్రే గొట్టం సీసా అడుగు నుంచి లాగుతుంది కాబట్టి మొదట వచ్చేవి ఉత్త నీళ్లే. అడుగంటే సమయానికి దాదాపు చిక్కటి నూనె వచ్చి చర్మం మండుతుంది.

ఇప్పుడు 95 మి.లీ. కొబ్బరి నూనెలో 5 మి.లీ. సిట్రొనెల్లా, ముదురు రంగు గాజు సీసాలో. స్ప్రే కాదు, చేత్తో రాయడమే. అయినా గంటకోసారి మళ్లీ రాయాలి, ఆవిరైపోవడం దాని గుణం. మొదట మోచేతి లోపల చుక్క రాసి ఒక రోజు చూడండి.

కొనేటప్పుడు రకం చూడండి. దోమల్ని తరిమే సిట్రొనెల్లాల్ అనే పదార్థం జావా రకంలో ఎక్కువ, శ్రీలంక రకంలో తక్కువ. టీలో వేసే నిమ్మగడ్డి వీటికి చుట్టమే గానీ దాని నూనెలో ప్రధానంగా ఉండేది సిట్రాల్ అనే వేరే పదార్థం.

ఎక్కువసేపు కావాలంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సహజంగా పెరిగే నిమ్మవాసన యూకలిప్టస్ మేలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఆకుల నుంచి తీసిన మామూలు నూనె వేరు, పీఎండీ (దోమల్ని తరిమే పదార్థం) శాతం పెంచి శుద్ధిచేసినది వేరు. గంటల తరబడి కాపాడేది రెండోదే. లేబుల్‌పై పీఎండీ అని ఉండాలి. మూడేళ్లలోపు పిల్లలకు అది వద్దు.

వేపనూనె మొక్కల పురుగులకే ఉంచాను. ఎండ తగిలితే అందులో పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది, అందుకే సాయంత్రం పిచికారీ.