బుడమేరును మళ్లించాలా, దాని దారి దానికి వదలాలా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబరు 1న విజయవాడలోని మా వీధిలోకి వచ్చిన బుడమేరు నీళ్లు చూస్తుండగానే ఇంట్లోకొచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుని పక్కవాళ్ల మేడెక్కాం. అందుకే అడుగుతున్నా. ఊరికి ఎగువన వెలగలేరు దగ్గరే వరదంతా డైవర్షన్ ఛానల్లోకి (ఏటి నీటిని కృష్ణకు మళ్లించే కాలువలోకి) తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేయకూడదా? ఛానల్‌ను వెడల్పు చేసి, ఊళ్లోకొచ్చే పాత ఏటిని మూసేయండి. మురుగు, గుర్రపుడెక్క తప్ప అందులో ఇప్పుడేముంది?

మైలవరం రైతు:
మీరు పడింది మామూలు కష్టం కాదండీ. కానీ ఆ రెండ్రోజులు కృష్ణ ఎలా ఉంది? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున పారుతుంటే ఛానల్ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి ఎగదన్నుతాయి. ఛానల్ కట్టకు మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. బుడమేరు పుట్టే మా కొండల్లో వాన, కృష్ణలో వరద ఒకేసారి వస్తే పాత ఏరే దిక్కు. ఆ ఏటి దారిలోనే ఇళ్లు కట్టేసుకున్నాం.

సింగ్‌నగర్ వాసి:
కట్టుకున్నాం అంటే ఎవరండీ? ప్లాట్లు వేసి అమ్మినవాళ్లా, చీటీలు పాడి కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్న మేమా? ఏటికి దారి వదలాలంటే ముందు కూలేది మా ఇల్లే.

కొల్లేటి కుర్రాడు:
అన్నా, బుడమేరు బెజవాడతో అయిపోదు. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దూరి, పొలాల వెంట మా కొల్లేటికొస్తుంది. కాలువ కింది ఆ తూము ఎంత మింగితే అంతే నీరు కిందికి. మిగతాది మీ వైపే నిలుస్తుంది. ఇక్కడా అంతే. తమ్మిలేరూ మాలోనే కలుస్తుంది, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. మధ్యలో చేపల చెరువుల గట్లు. అలాగని ఏటిని మూసేస్తే మాకొచ్చేది మీ ఊరి మురుగే, దాన్ని పలచన చేసే వాననీరు ఉండదు. 2002లో కొల్లేటిని రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచేది ఈ నీళ్లని నమ్ముకునే. నా కళ్ల ముందు అవి లేని కొల్లేరు ఊహించుకోలేను.

సింగ్‌నగర్ వాసి:
మూసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ. తూము పెద్దది చేయండి, తొలకరికి ముందే గుర్రపుడెక్క తీయండి, ఒప్పుకుంటా. కానీ ఇళ్లు పోయేవాళ్లకి ఈ ఊళ్లోనే మెరక మీద ఎక్కడ స్థలమిస్తారో ముందు కాగితం మీద రాసివ్వాలి. అది లేకుండా కొలతల టేపు పట్టుకుని మా వీధికొస్తే మాత్రం అడ్డంగా నిలబడతా.