పాత 8 జీబీ ర్యామ్ పక్కన వేరే కంపెనీది పెట్టొచ్చా, లేక జత కిట్టే కొనాలా?

గోదారి_ఫ్లెక్సీలు
మాది ఫ్లెక్సీ డిజైన్ షాపండి. సిస్టమ్ ఐ5 9400, హెచ్310 బోర్డు, ర్యామ్ స్లాట్లు రెండే. ఒకదాంట్లో 8 జీబీ డీడీఆర్4 2666 ఉంది, రెండోది ఖాళీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఫొటోషాప్‌లో 20x10 అడుగుల బ్యానర్ తెరిచి పక్కన కోరల్‌డ్రా కూడా తెరిస్తే ఇక మౌస్ కూడా కదలదు, టాస్క్ మేనేజర్‌లో మెమరీ 95 శాతం దాటేస్తోంది. కంప్యూటర్ షాపాయనేమో వేరే కంపెనీ స్టిక్ కలిపితే బోర్డు కాలిపోతుంది, పాతది నాకిచ్చేసి రెండు ఎనిమిదుల కిట్ తీసుకోండి అంటున్నాడు. పాతదానికి ఆయన చెప్పిన రేటు చూస్తే ఏడుపొచ్చింది. నిజంగా కాలిపోతుందా?

జీరో_కాంప్రమైజ్
కాలిపోవడం ఉత్త మాట. కానీ కిట్ కొనమనడం మాత్రం కరెక్టే. కిట్‌లో ఉన్న రెండు స్టిక్స్‌ని కంపెనీలో కలిపి టెస్ట్ చేసి డబ్బాలో పెడతారు, విడివిడిగా కొంటే ఆ గ్యారంటీ ఎవడూ ఇవ్వడు. మా తమ్ముడి రైజెన్ 7600 సిస్టమ్‌లో డీడీఆర్5 6000 స్టిక్స్ రెండు ఉండేవి, అదే కంపెనీ అదే మోడల్ ఇంకో జత కొని పెట్టాడు, అంతే, గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్లు. చివరికి స్పీడు బాగా తగ్గిస్తే గానీ నిలబడలేదు. అదే మోడల్ కలిపితేనే ఇలా ఉంటే వేరే కంపెనీది కలుపుతానంటారేంటి?

పార్క్‌లేన్_పాతకాపు
బ్రో, మీ తమ్ముడి కేసు వేరు. ఆ ప్రాసెసర్‌కి రెండు స్టిక్స్ అయితే 5200, నాలుగు పెడితే 3600 అని ఏఎండీ వాళ్లే స్పెసిఫికేషన్‌లో రాశారు. 6000 అంటేనే ఓవర్‌క్లాక్, అంటే కంపెనీ చెప్పిన స్పీడు దాటించడం, దాని మీద నాలుగు స్టిక్స్. ఇక్కడ ఆయనది హెచ్310, ఎంత ఖరీదైన ర్యామ్ పెట్టినా 2666 దాటదు. ఆ స్పీడు దగ్గర ఏ కంపెనీది ఏ కంపెనీతో కలిపినా నూటికి తొంభై కేసుల్లో గొడవుండదు, ఎందుకంటే రెండింట్లో ఏది నెమ్మదైతే బోర్డు రెండింటినీ ఆ స్పీడుకే నడుపుతుంది.

ఫ్లెక్సీలు గారూ, కాలిపోయే ముచ్చట మర్చిపోండి. మామూలు డీడీఆర్4 అంతా 1.2 వోల్టులే. పొరపాటున డీడీఆర్3, డీడీఆర్5 తెచ్చినా కింద గాడి వేరే చోట ఉంటుంది, స్లాట్లోకే దిగదు. మీరు చూసుకోవాల్సింది ఇంకోటి. పైన హీట్‌సింక్ వేసి, మీద 3200 అని పెద్దగా రాసిన గేమింగ్ స్టిక్ తీసుకోకండి. ఆ 3200 అనేది బయోస్ సెట్టింగుల్లో ఎక్స్‌ఎంపీ అనే ఎక్కువ స్పీడు ప్రొఫైల్ ఆన్ చేస్తే వచ్చే స్పీడు. ఎక్స్‌ఎంపీ లేకుండా అది ఏ స్పీడుకి నడవాలో స్టిక్ మీది ఎస్‌పీడీ చిప్పులో ఉంటుంది, కోర్సెయిర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ 3200 కిట్లలో కొన్నింటికి అది 2133 మాత్రమే. మీ బోర్డు ఎక్స్‌ఎంపీని సరిగ్గా పట్టించుకోలేదంటే కొత్తది 2133కి దిగుతుంది, శుభ్రంగా 2666లో నడుస్తున్న పాతదాన్ని కూడా కిందికి లాగుతుంది. డబ్బులు ఎక్కువ పెట్టి స్పీడు తగ్గించుకోవడమన్నమాట. ఏ హంగూ లేని పచ్చ స్టిక్ తీసుకోండి, 2666 గానీ, 3200 సీఎల్22 (ఎక్స్‌ఎంపీ లేకుండానే 3200 నడిచే మామూలు రకం) గానీ.

గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు కాబట్టి రెండో స్లాట్ నింపితే ఇంకో లాభం కూడా. లోపలి గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామే వాడుకుంటుంది, రెండు స్టిక్స్ ఒకేసారి జతగా పనిచేసే డ్యూయల్ ఛానల్ అయితే దానికి దారి రెండింతలు అవుతుంది.

జీరో_కాంప్రమైజ్
"నూటికి తొంభై" అంటున్నావు కదా అన్నా, మిగతా పది మందిలో ఈయన ఉంటే? పెళ్లిళ్ల సీజన్‌లో సిస్టమ్ హ్యాంగ్ అయితే ఆయన కస్టమర్‌కి నువ్వు సమాధానం చెప్తావా?

పార్క్‌లేన్_పాతకాపు
అందుకే కొనేముందే వాపసు తీసుకుంటారా అని అడిగి పెట్టుకోవాలి. తెచ్చిన రోజే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా మార్పించుకోండి. కిట్ కొన్నా ఈ టెస్ట్ చెయ్యాల్సిందే, కిట్లలో పాడైన స్టిక్స్ రావా ఏంటి? పైగా 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో అందరికీ తెలుసు, ర్యామ్ చిప్పులు చేసే మైక్రాన్ అయితే ఆ డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండే ఆపేస్తున్నామని ప్రకటించింది. ఇలాంటి టైంలో బాగున్న 8 జీబీని అడ్డికి పావుశేరు అమ్ముకోమని నేనైతే చెప్పను.

టెన్షన్_లేదు
8 ఎందుకు, కొత్తది 16 జీబీ పెడితే 24 అవుతుందిగా? సైజులు వేరైనా నడుస్తుంది. 8కి 8 జతగా డ్యూయల్ ఛానల్‌లో, పైన మిగిలిన 8 సింగిల్‌లో. తక్కువకి వస్తోందని సర్వర్లలోంచి పీకిన రిజిస్టర్డ్ ర్యామ్ మాత్రం తేవద్దు, స్లాట్లో బ్రహ్మాండంగా దిగుతుంది, సిస్టమ్ మాత్రం ఆన్ అవ్వదు.

లేయర్_మాస్టర్
అందరూ ర్యామ్ మీదే కొట్టుకుంటున్నారు గానీ ఆ 20x10 బ్యానర్ ఎంత రిజల్యూషన్‌లో చేస్తున్నారో ఒక్కరూ అడగలేదు! ప్రింటింగ్ రంగుల మోడ్ సీఎంవైకేలో అంగుళానికి 150 పిక్సెళ్లు పెడితే మొత్తం 36,000 x 18,000 పిక్సెళ్లు, అంటే నిండుగా ఉన్న ఒక్క లేయరే సుమారు 2.6 జీబీ. అదే 72 పెడితే 0.6 జీబీ. రోడ్డు మీద ఇరవై అడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి 72 చాలా ఎక్కువే. స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే డ్రైవ్) కూడా చూడండి, అది పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే మౌస్ ఆగిపోయేది అక్కడే.

గోదారి_ఫ్లెక్సీలు
150లోనే చేస్తున్నామండి, మా కుర్రాడు మొదట్నుంచీ అలాగే పెడుతున్నాడు. స్క్రాచ్ డీ డ్రైవ్ మీద ఉంది, అది హార్డ్ డిస్కే. ఈ రెండూ ఇవాళే మారుస్తాం. అయినా కోరల్ కలిపి తెరవాలంటే 8 చాలదు కాబట్టి పాతది ఉంచేసి, 16 జీబీ పచ్చ స్టిక్ ఒకటి అడుగుతాను. బోర్డు 16 జీబీ స్టిక్ తీసుకుంటుందో లేదో ఎలా తెలుస్తుందండి?

టెన్షన్_లేదు
సిస్టమ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ తెరిస్తే మోడల్ పేరు ఉంటుంది, ఆ కంపెనీ సైట్‌లో మెమరీ సపోర్ట్ పేజీ చూడండి. రెండు స్లాట్లకి కలిపి 32 జీబీ అని ఉంటే స్లాటుకి 16 వరకు ఓకే.

జీరో_కాంప్రమైజ్
కొనండి. మెమ్‌టెస్ట్ రిజల్ట్ మాత్రం ఇక్కడ ఫొటో పెట్టాలి, అప్పటిదాకా నా మాట నాదే.