జాక్ స్కాట్‌లో అడవికోడి ఈక లేకపోతే అది జాక్ స్కాట్ కాదా?

ఈకలపెట్టె: కెనడాలో మా ఊరి క్లబ్ ప్రదర్శనకు జాక్ స్కాట్ కట్టాను. తెలియనివాళ్లకు ఒక్క మాట: ఇది సాల్మన్ చేప కోసం ఈకలు, సిల్కు దారం కొక్కేనికి చుట్టి కట్టే ఎర. ఇలాంటి ఎరను ఫ్లై అంటారు. ఇది దాదాపు 1850 నాటి స్కాట్లాండ్ ఫ్లై. టూకాన్ అనే దక్షిణ అమెరికా పక్షి ఈకల బదులు రంగేసిన కోడి ఈకలు వాడాను, అడవికోడి మెడ ఈక బదులు గిన్నెకోడి ఈక మీద చుక్క దిద్దాను. జడ్జి నా కార్డు తీసేసి ‘జాక్ స్కాట్ తరహా’ అని రాసిపెట్టారు. ఇది న్యాయమేనా?

స్పే గట్టు: న్యాయమేనమ్మా. ఒళ్లు వెనక సగం పసుపు సిల్కు, ముందు సగం నలుపు, మధ్యలో కిందా పైనా టూకాన్ ఈకలు. రెక్క పక్కన అడవికోడి, దాని మీద నీలి కోటింగా పక్షి ఈక. సాల్మన్ ఫ్లైల మీద రాసిన కెల్సన్ ఈ వివరాలు 1895లో పుస్తకంలో అచ్చువేశాడు. నీకు తోచినట్టు కట్టుకో, ఎవరూ వద్దనరు. పేరు మాత్రం వేరే పెట్టుకో. చింతపండు లేకుండా పులిహోర అంటామా?

గోదారి పులస: నిమ్మకాయ పులిహోర మీ ఇంట్లో చేయరా సార్?

స్పే గట్టు: దాన్ని ‘నిమ్మకాయ’ పులిహోర అంటారు. ‘తరహా’ అని రాసింది కూడా అందుకే.

గోదారి పులస: మా అమ్మ ఉత్త పులిహోర అనే అంటుంది.

ఈకలపెట్టె: పులిహోర పక్కన పెట్టండి. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో 299 పక్షి చర్మాలు దొంగతనం అయ్యాయి. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ సేకరించినవి కూడా అందులో ఉన్నాయి. ఎందుకు పోయాయి? ఫ్లైలు కట్టేవాళ్లకు ‘అసలు’ ఈకలు కావాలి కాబట్టి. ఆ అడవికోడి మన శేషాచలంలో తిరిగే పక్షి. దాన్ని మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. అసలు, అసలు అని పట్టుబడితే చివరికి తేలేది అక్కడే.

స్పే గట్టు: నన్ను దొంగ అంటున్నావా? నా అడవికోడి ఈకలు పెంపకం పక్షులవి, కాగితాలున్నాయి. టూకాన్ ఈకలు జూలో రాలినవి, నాలుగేళ్లు ఉత్తరాలు రాస్తే వచ్చాయి. ఇరవై ఏళ్లుగా కడుతున్నాను, ఇలాంటి మాట ఎవరూ అనలేదు.

ఆడమ్స్ చాలు: 1922లో అమెరికాలోని మిషిగన్‌లో ట్రౌట్ చేప కోసం ఆడమ్స్ అనే ఫ్లై కట్టారు. తర్వాత ఎవరో హ్యాకిల్ (కోడి మెడ ఈక) అడ్డంగా చుట్టి పారాచూట్ ఆడమ్స్ చేశారు. ట్రౌట్ రెండూ మింగుతుంది. తేల్చాల్సింది చేప.

స్పే గట్టు: ట్రౌట్ పురుగును తింటుంది కాబట్టి నీకు ఆ మాట చెల్లుతుంది. సాల్మన్ సముద్రం వదిలి ఏరెక్కాక తిండే మానేస్తుంది. ఫ్లైని ఎందుకు పట్టుకుంటుందో ఖాయంగా చెప్పగలిగినవాళ్లు లేరు. చేప తేల్చలేని చోట మనకు మిగిలింది పాత పద్ధతే.

ఈకలపెట్టె: ఆ పాత పద్ధతి ఒకప్పుడు కొత్తదే కదా! స్కాట్లాండ్‌లో మీరుండే స్పే నది పాత ఫ్లైలు చూడండి. కొంగ ఈక, గోధుమరంగు బాతు ఈక, ఇలాంటివే. టూకాన్, మకా చిలుక ఈకలు తర్వాత దేశాంతరాల నుంచి ఓడల్లో వచ్చాయి. చేతికి అందిన కొత్త ఈకతో కొత్తది కట్టినవాళ్లవే ఈరోజు మీరు సంప్రదాయం అంటున్న ఫ్లైలు.

ఇంకోటి, ఇందాక రాయలేదు. జాక్ స్కాట్ రెక్కలో రంగేసిన హంస ఈకలుండాలి. పక్క బల్ల మీద జాక్ స్కాట్‌లో ఉన్నవి పెంపుడు బాతువి, కట్టినాయనే చెప్పాడు. ఆయన కార్డు అలాగే ఉంది. నన్ను మాత్రం ‘మీ దేశంలో ఈ ఆట ఉందా’ అని అడిగారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మీరు హంసే వాడతారా?

ఆడమ్స్ చాలు: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది అక్కా.

స్పే గట్టు: (మర్నాడు) నేనూ బాతే వాడతాను. మా గురువు కూడా బాతే వాడేవాడు. ఇక్కడి నది మీద జీవితమంతా పనిచేసిన మనిషి. రెండు చలికాలాలు నేర్పాడు, నా మొదటి జాక్ స్కాట్‌ను పదకొండు సార్లు విప్పించాడు. ఆయన పోయాక, కొక్కేన్ని బిగించి పట్టే ఆయన వైస్ నాకు వచ్చింది. ఎవరైనా ఆ పేరు తేలిగ్గా వాడితే ఆయన్ను చెరిపేస్తున్నట్టు అనిపిస్తుంది. నీకు జరిగింది మాత్రం తప్పు. ఆ ప్రశ్న అడగకూడదు.

ఈకలపెట్టె: మీ గురువు బాతు ఈకను ఒప్పుకున్నాడు, అది సంప్రదాయమైంది. నా కోడి ఈకను ఒప్పుకోవాల్సిందెవరు? నాకు నేర్పే మనిషి లేడు. వీడియోలు చూసి, పిల్లలు పడుకున్నాక కట్టాను.

గోదారి పులస: ఇంతకీ ఆ ఫ్లై మాకు చూపించలేదు.

ఈకలపెట్టె: [ఫొటో]

స్పే గట్టు: రెక్క పోగులు ఒకదానికొకటి బాగా అతికాయి, విడిపోలేదు. అది వీడియో చూసి వచ్చే చెయ్యి కాదు. తోక మొదట్లో ఉష్ట్రపక్షి పోగు ఒక చుట్టు ఎక్కువైంది, విప్పి మళ్లీ కట్టు. రెండు కార్డుల మీదా ‘తరహా’ రాయాలి, లేదా రెండింటి మీదా రాయకూడదు. నన్నడిగితే రెండింటి మీదా రాయాలి. నాదాని మీద కూడా.

ఈకలపెట్టె: నన్నడిగితే ఎవరిదాని మీదా రాయకూడదు. చుట్టు విప్పుతున్నాను.