అప్‌డేట్: పాత బెంజ్ 240డి డీజిల్ కారు పొద్దున్నే స్టార్ట్ కాని సమస్య తీరింది

చలికి బండి ఎంతకీ స్టార్ట్ కావడం లేదని, అయ్యాక కూడా తెల్లపొగ వదులుతూ వణుకుతోందని అడిగాను కదా. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని సందు) చూడమన్నవాళ్లదే కరెక్ట్, థాంక్స్ అండీ. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని బ్లేడ్ల సెట్) పెట్టి చూస్తే, 0.30 మి.మీ. ఉండాల్సిన మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌లో 0.10 బ్లేడు కూడా దూరలేదు. సందు అంత తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. ఇన్‌టేక్ వాల్వ్‌లు ఉండాల్సిన 0.10 దగ్గరే బాగానే ఉన్నాయి. 14 నంబర్ స్పానర్లతో సరిచేశాను. సెట్టింగ్ కదలకుండా పట్టుకునే లాక్‌నట్ బిగించగానే గ్యాప్ మారిపోతుంది, మళ్లీ కొలవాల్సిందే. ఆ ఒక్క వాల్వ్‌కే నాకు అరగంట పట్టింది. ఇంజన్‌ను క్రాంక్ బోల్టుతోనే తిప్పాను, క్యామ్ బోల్టు ముట్టుకోలేదు. అంతకుముందు మార్చిన గ్లో ప్లగ్గుల (స్టార్టింగ్‌కి ముందు సిలిండర్‌ను వేడిచేసేవి) డబ్బు దండగే. ఇంజెక్టర్లు విప్పే పనే పడలేదు. ఇప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ మాత్రం ముందే కొత్తది కొనిపెట్టుకోండి, పాతదే వేస్తే నాకు ఆయిల్ కారింది.